చిలుకకు తిండి నేర్పిన రోజులు

రేపల్లె నుంచి తెనాలి వచ్చే పాసింజరు రైల్లో మా నాన్న ఒళ్లో పంజరం పెట్టుకుని కూర్చున్నాడు. పంజరం మీద మా మేనత్త పాత దుప్పట్టా కప్పి ఉంది. లోపల ఉన్న చిలుక ఉండి ఉండి గట్టిగా అరిచేది. అది అరిచినప్పుడల్లా బోగీలో వాళ్లందరూ మా వైపు తిరిగేవాళ్లు. నాన్న ఆ అరుపు తానే అరిచినట్టు తల దించుకునేవాడు.

మా మేనత్త నాన్నకు అక్క. ఆయన ఆపా అంటాడు, నేను ఫుప్పూ అని పిలుస్తాను. రేపల్లెలో ఒక్కతే ఉంటుంది. మోకాలి ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ నడక వచ్చేదాకా గుంటూరులో కూతురి దగ్గర ఉండాల్సి వచ్చింది. అపార్ట్‌మెంటులో ఆ అరుపులు పక్కవాళ్లు పడలేరని కూతురు ముందే చెప్పేసింది. అలా చిలుక మా ఇంటికి వచ్చింది.

బయలుదేరేటప్పుడు ఫుప్పూ నాన్న చేతికి ఓ గుడ్డసంచి ఇచ్చింది. నిండా పొద్దుతిరుగుడు గింజలు.

"ఇది తప్ప ఇంకేం ముట్టదు తమ్ముడూ. సాయంత్రం టీలో ముంచిన బిస్కట్టు ముక్క పెట్టు. ఎప్పుడన్నా బజ్జీ చేస్తే ఓ తునక. అంతే, దాంతో పేచీ ఏం ఉండదు."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ ఉంటే చిలుక పంజరం చువ్వల్లోంచి ముక్కు బయటపెట్టి ఆవిడ గాజులు నెమ్మదిగా కొరికింది.

అది మన రామచిలుక కాదు. మన చెట్ల మీద తిరిగే చిలుకల్ని పంజరంలో పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఇది ఎక్కడో సముద్రాల అవతలి జాతి, ఇక్కడి పెంపకందార్ల దగ్గర పుట్టిన పిట్ట. సన్ కోనూర్ అంటారు. ఒళ్లంతా పసుపు, ముఖం మీదా పొట్ట మీదా నారింజ, రెక్కల్లో ఆకుపచ్చ, రెక్కల అంచున నీలం. ఉండాల్సింది అలా. మా ఇంటికి వచ్చినప్పుడు అది అలా లేదు.

ఆ సంగతి మొదట పట్టుకున్నది నాన్నే. పంజరం కిటికీ దగ్గర వేలాడదీసి దుప్పట్టా తీయగానే దగ్గరికెళ్లి చాలాసేపు చూశాడు.

"ఇది దీని అసలు రంగు కాదమ్మాయ్" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"ఎండకి వెలిసిన గుడ్డ ఒకరకంగా ఉంటుంది. ఇది అలా లేదు. లోపల్నుంచి మాసినట్టుంది."

నాన్న తెనాలిలో ఏళ్ల తరబడి రంగుల అద్దకం షాపు నడిపాడు. చీరకు సరిపోయేలా జాకెట్టు గుడ్డకు రంగు వేయించుకోవాలన్నా, వెలిసిన పట్టుచీరను మళ్లీ కట్టుకునేలా చేసుకోవాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. సలసల కాగే నీళ్లలో రంగుపొడీ ఉప్పూ వేసి, పొడుగాటి కర్రతో గుడ్డను తిప్పుతూ, ఆవిరిలో నిలబడేవాడు. ఆయన గోళ్ల అంచుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. నా చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి నాన్న చేతులు చూసి ఆ రోజు ఏ రంగు కలిపాడో చెప్పేదాన్ని. భుజం నొప్పి వచ్చి కర్ర తిప్పలేక షాపు మూసేశాడు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. ముందుగదిలో నేను జాకెట్లు కుడతాను. నా మిషన్ పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదవడం, నేను ఎంచుకున్న దారం గుడ్డకు కలవలేదని చెప్పడం ఆయన పని.

నాన్నకు షుగరు కూడా ఉంది. కూరగాయలు ఎక్కువ తినమని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. నాన్న లెక్కలో కూరగాయ అంటే మాంసంలో పడిన గోంగూర.

చిలుక గింజలు ఒలుచుకోవడం మొదటిసారి దగ్గరగా చూసినప్పుడు నేను కుట్టు ఆపేశాను. గింజను ఎడమకాలితో పట్టుకుని నోటికి అందించుకుంటుంది. నల్లటి చిన్న నాలుక దాన్ని లోపల ఒక్క తిప్పు తిప్పి అంచు దొరికించుకుంటుంది. టిక్కుమంటుంది. పొట్టు రెండు ముక్కలై కింద పడుతుంది, పప్పు లోపలికి పోతుంది. ఇన్నేళ్లుగా సూదిలో దారం ఎక్కిస్తున్న నా వేళ్లకు ఆ నేర్పు లేదు.

కానీ అది తినడం, నిద్రపోవడం తప్ప ఇంకేమీ చేసేది కాదు. ఒళ్లు విరుచుకునేది కాదు, ఆడుకునేది కాదు. ముక్కు కొన వంపు తిరిగి బాగా పొడుగు పెరిగింది. పసుపు ఈకల మధ్య నల్లటి మరకలు. వచ్చిన కొత్తలో అరిచిన అరుపులు కూడా తగ్గిపోయాయి. చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం లేచి చూస్తే పంజరం అడుగున, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని కూర్చుని ఉంది.

మా వైపు పశువుల డాక్టరుగారు గేదెలకూ కుక్కలకూ చూస్తారు. ఆయన చూసి నిజాయితీగా చెప్పారు. "పిట్టల సంగతి నాకంతగా తెలియదండి. బాపట్లలో ఒకామె ఉన్నారు, ఆమె చూస్తారు. ఆలస్యం చేయకండి."

ఆ పూటే రైలెక్కాం. ఈసారి చిలుక అరవలేదు. నాన్న దారి పొడవునా దుప్పట్టా అంచు ఎత్తి లోపలికి తొంగిచూస్తూనే ఉన్నాడు.

బాపట్ల డాక్టరమ్మ నా కంటే చిన్నది. చిలుకను తువ్వాలులో చుట్టి, మెడ దగ్గర రెండు వేళ్లతో మెత్తగా పట్టుకుని, పొట్ట మీది ఈకల్ని నోటితో ఊది పక్కకు జరిపింది. కింద చర్మం, ఆ చర్మం కింద పసుపుపచ్చటి కొవ్వు కనిపించాయి. చిన్న కడ్డీతో ముక్కు తెరిచి, లైటు వేసి మాకు నోరు చూపించింది. నాలుక వెనక అంగుట్లో తెల్లటి పొరలా ఉంది.

"ఏం పెడుతున్నారు బాబాయిగారూ?"

నాన్న చెప్పాడు. గింజలు, బిస్కట్టు, బజ్జీ.

"గింజలు తినడం తప్పు కాదండి. గింజలే తినడం తప్పు. రోజూ మూడుపూటలా బజ్జీలే తిని బతికితే మన ఒంట్లో ఏమవుద్దో దీనికీ అదే అయింది. కొవ్వంతా కాలేయానికి పట్టింది. ముక్కు అలా పెరగడం, ఈకల్లో ఆ నలుపు, అన్నీ అందుకే. ఈ తెల్లపొర విటమిన్ ఏ లేక వచ్చింది. గింజల్లో అది ఉండదు. సున్నం, అంటే కాల్షియం, కూడా ఉండదు."

నాన్న ఏదో తనను అన్నట్టు గోడ మీది కుక్కపిల్లల బొమ్మ వైపు చూశాడు.

ఆమె గుండె చూడ్డానికి గొట్టం ఆనించి, కాసేపు విని, నా వైపు చాచింది. "మీరూ వింటారా అక్కా?"

చెవులకు పెట్టుకున్నాను. మొదట ఏమీ వినపడటం లేదనుకున్నాను. తర్వాత అర్థమైంది, నేను విడివిడి చప్పుళ్ల కోసం వెతుకుతున్నానని. అక్కడ విడి చప్పుళ్లు లేవు. మోటారు పెట్టిన మిషన్ మీద పొడుగాటి కుట్టు వేస్తున్నప్పుడు వచ్చే చప్పుడులా ఏకధారగా ఉంది. అంత జబ్బుతో, కళ్లు కూడా తెరవలేని ఆ గుప్పెడు పిట్ట లోపల అంత పని నడుస్తోంది. గొట్టం నాన్నకు ఇచ్చాను. ఆయన విన్నంతసేపూ ఊపిరి బిగబట్టాడు.

"ఇంత వేగంగా కొట్టుకునేదానికి ఎంత తిండి కావాలమ్మా" అన్నాడు.

"ఎంత అనేది కాదు బాబాయిగారూ, ఎలాంటిది అనేదే ముఖ్యం."

ఆమె నింపాదిగా చెప్పింది. పిట్టల కోసమే తయారుచేసే పెల్లెట్లు దొరుకుతాయి, సగానికి పైగా అవి. మిగతాది కూరగాయలు, ఆకుకూరలు. క్యారెట్, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప, మునగాకు, బీన్సు, పెసర మొలకలు, అప్పుడప్పుడు ఉడికిన రాగులో కొర్రలో. పండు కొంచెమే, జామో బొప్పాయో, తీపి ఎక్కువ కాబట్టి. గింజలు రుచికి కాసిని. టీ, ఉప్పు, చాక్లెట్, ఉల్లి, అవకాడో అనే వెన్నపండు దగ్గరికి కూడా రానివ్వొద్దు, వెన్నపండు చిలుకలకు విషం.

"అయితే రేపట్నుంచి గింజలు ఆపేస్తాం" అన్నాన్నేను.

"అయ్యో, ఆ పని చేయకండక్కా. దానికి తెలియనిది పక్కన కుప్పపోసినా తిండి అనుకోదు. ఆకలితో చచ్చిపోతుంది. గింజలు కొద్దికొద్దిగా తగ్గించండి. రోజూ పొద్దున్నే తూకం వేయండి, బరువు పడిపోతే వెంటనే నాకు చెప్పండి."

"మరి కొత్తవి ఎలా తింటుంది?"

"మీరు తినండి. దాని ముందు కూర్చుని తినండి. ఇవి గుంపుగా తిరిగే పిట్టలు. గుంపు ఏం తింటుందో చూసి, అది తిండి అని నేర్చుకుంటాయి. ఇప్పుడు దాని గుంపు మీరే."

నాన్న గొట్టం ఆమెకు తిరిగి ఇచ్చాడు. తర్వాత అడిగాడు.

"ఉప్పు లేకుండానా అండి?"

"ఉప్పు లేకుండానేనండి."

మందు వేసి, వెచ్చగా ఉంచి సాయంత్రం దాకా చూస్తానని ఆమె చిలుకను అక్కడే పెట్టుకుంది. సున్నం కోసం సముద్రపు నురుగు ఇవ్వాలని, షాపుల్లో అమ్ముతారని, సూర్యలంక వెళ్తే ఒడ్డునే ఏరుకోవచ్చని చెప్పింది. పేరు నురుగే గానీ అది నురుగు కాదు. సముద్రంలో తిరిగే ఒక జీవి వీపులో ఉండే తెల్లటి, తేలికైన ఎముక. మాకు సాయంత్రం దాకా పని లేదు. ఆటో ఎక్కి సూర్యలంక వెళ్లాం.

నాన్న ప్యాంటు మడిచి, అలలు తడిపిన ఇసుక మీద వంగి వంగి నడిచాడు. మాకు దొరికినవన్నీ విరిగిన ముక్కలు. పడవల దగ్గర చేపలు ఎండబెడుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి కేకేసింది.

"ఏంటన్నా ఏరుతున్నారు? గవ్వలా?"

నాన్న చేతిలోది చూపించాడు. "చిలుకకి పెట్టాలంటమ్మా. దీన్ని కొరికితే ఎముకలు గట్టిపడతాయంట."

ఆవిడ నవ్వింది. "సముద్రంలోది చెట్టు మీద పిట్ట తింటదా."

"డాక్టరమ్మ చెప్పింది."

ఆవిడ లేచి, పాకలోంచి ఒక తట్ట తెచ్చింది. నిండా పెద్దవి, ఎండిపోయి, అరచేయంత ఉన్నవి. "మేం పారేసేయే. తీస్కెళ్లండి. మంచినీళ్లలో బాగా నానేయండి, ఉప్పు పోయిందాకా." నాన్న ఏమన్నా ఇవ్వబోతే చేత్తో వద్దంది. "పిట్ట బాగయితే ఒకసారి ఇటు తీసుకురండన్నా. ఎట్టుంటదో చూస్తాం."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాన్న ఆ తెల్లటి ఎముకను అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

"ఇది నీళ్ల అడుగున బతికిందమ్మాయ్. అది గాల్లో బతుకుతుంది. దీని ఎముక దాని ఎముకవుద్దంట" అన్నాడు. 

మందుతో చిలుక కళ్లు తెరిచింది, ఇంటికొచ్చాక పంజరంలోని కొమ్మ మళ్లీ ఎక్కి కూర్చుంది. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

క్యారెట్ తురిమి పెట్టాను. గిన్నె తలకిందులు చేసింది. ముక్కలు కోసి పెట్టాను. ఒక్కొక్కటే ముక్కుతో పట్టుకుని, పంజరం చివరికంటా నడిచివెళ్లి, బయటికి వదిలేసింది. చిలగడదుంపను చూసి భయపడి చువ్వలకు అతుక్కుపోయింది. పెల్లెట్లను రాళ్లలాగా చూసింది. గింజల్లో మొలకలు కలిపితే గింజల్ని మాత్రం ఏరుకుని, నాలుకకు తగిలిన మొలకను విదిలించి పారేసేది. నా మిషన్ మీద, కుట్టిన జాకెట్ల మీద, నాన్న పేపరు మీద క్యారెట్ తురుము. జాకెట్టు తీసుకెళ్లడానికి వచ్చిన ఒకావిడ దులుపుకుంటూ "ఏంటిది, హల్వా చేస్తున్నారా" అని అడిగింది.

పొద్దున్నే వంటింటి తూకం మీద దాన్ని నిలబెట్టడం నా వంతు. దాని ముందు తినడం నాన్న వంతు. పచ్చి క్యారెట్ ముక్క నోట్లో పెట్టుకుని, చిలుక వైపు చూసి, "అబ్బ, ఎంత బాగుందో" అనేవాడు. ముఖం మాత్రం కషాయం తాగినట్టు ఉండేది. చిలుక తల పక్కకు వంచి, ఒక కన్నుతో ఆయన ముఖాన్ని పరీక్షగా చూసేది. కంటిపాప చిన్నదై పెద్దదై చిన్నదయ్యేది. తర్వాత అటు తిరిగి కూర్చునేది.

"దానికి తెలిసిపోయింది నాన్నా, నువ్వు నటిస్తున్నావని" అన్నాను.

"తెలిసిందని నాకూ తెలుసు. ఏం చేయమంటావు, ఇది తిండా?"

అయినా మానలేదు. మునగాకు, బీన్సు, ఉడికించిన గుమ్మడి, అన్నీ చప్పిడివి, రోజూ ఒక పళ్లెం. నేను ఎన్ని మాటలు చెప్పినా తినని మనిషి ఒక పిట్ట కోసం కుర్చీ పంజరం ముందుకు లాక్కుని కూర్చునేవాడు. కొన్నాళ్లకు బాగుందనడం మానేశాడు. పేపరు చదువుకుంటూ, ఏం తింటున్నాడో కూడా చూడకుండా తినసాగాడు. పంజరం తలుపు తీసి ఉంచేవాళ్లం. చిలుక ఒక్కోసారి బయటికొచ్చి కుర్చీ వీపు మీద కూర్చునేది, అంతకుమించి దగ్గరకు వచ్చేది కాదు.

ఆ రోజు నేను ఒక జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. నాన్న పేపరు వెనక ఉన్నాడు, ఎడమచేతిలో మునగరెమ్మ. దాంట్లోంచి ఆకులు పంటితో దూసుకుంటున్నాడు, మేకలా. చిలుక కుర్చీ వీపు మీంచి ఆయన భుజం మీదికి దిగింది. నొప్పి భుజమే. నాన్న కదల్లేదు. అది ముక్కుతో చొక్కా పట్టుకుని, ఒక్కో అడుగు కిందికి వేస్తూ, మోచేతి దాకా వచ్చింది, ముంజేతి మీద నడిచింది, రెమ్మ దగ్గర ఆగింది. మెడ చాచి ఒక ఆకు తుంచింది. అంత చిన్న ఆకు, గోరంత. దాన్ని నాలుక మీద తిప్పింది. పారేస్తుందని చూశాను. పారేయలేదు. మింగింది. ఇంకోటి తుంచింది.

నాన్న పేపరు పక్కనుంచి నన్ను చూశాడు. నేను మాట్లాడితే అది ఎగిరిపోతుందని మాట్లాడలేదు. నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక ప్రాణి, ఇది తినవచ్చు అని, ఇంకో ప్రాణిని నమ్మి తెలుసుకోవడం మా ముందుగదిలో, మా కళ్ల ముందే జరిగింది.

ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా కాలేదు, కానీ ఆగలేదు కూడా. మునగాకు తర్వాత మొలకలు. మొలకల తర్వాత, ఎందుకో తెలియదు, ఎండుమిరపకాయలో గింజలు. కారం దానికి తెలియదట. క్యారెట్ ఎప్పుడు మొదలుపెట్టిందో మేం చూడనేలేదు. ఓ ఉదయం దాని ముక్కంతా నారింజ రంగుతో కనిపించింది. పెల్లెట్లు నీళ్లలో మెత్తబెడితే తిన్నది, తర్వాత పొడివే తిన్నది. సముద్రపు నురుగును గీకి గీకి కొమ్మ కింద తెల్లటి పిండి చేసింది.

ఒకరోజు తోటకూర కట్ట కడిగి, నీళ్లు కారుతుండగానే పంజరం పైన పెట్టాను. అది ఆ ఆకుల్లోకి తలదూర్చింది. తింటోందనుకున్నాను. మెడ దూర్చింది, తర్వాత ఒళ్లంతా. తడి ఆకుల మధ్య పొర్లుతూ, రెక్కలు విప్పి ఆకులకు రుద్దుకుంటూ, వణుకుతూ, గొంతులో చిన్నచిన్న శబ్దాలు చేస్తూ స్నానం చేసింది. దీనికి ఇది ఎవరు నేర్పారు. మేం నేర్పలేదు, ఫుప్పూ నేర్పలేదు. పంజరంలోనే పుట్టిన పిట్ట అది. దాని పూర్వీకులు వాన తడిపిన అడవి ఆకుల్లో చేసిన స్నానం, ఏ అడవీ చూడని దీని ఒంట్లో ఉంది. తెనాలి మార్కెట్‌లో కొన్న తోటకూర కట్టతో అది బయటికి వచ్చింది. నాన్నా నేనూ ఎదురుగా నిలబడిపోయాం. చిటచిటమని నీళ్లు మా ముఖాల మీద పడుతున్నాయి. నాన్న మెల్లగా "సుభానల్లా" అన్నాడు.

ఎండలు మొదలయ్యాక ఈకలు రాలడం మొదలైంది. నేను కంగారుపడి ఫోన్ చేస్తే, పాతవి పోయి కొత్తవి వచ్చే కాలం అని, ఇప్పుడే తిండి గట్టిగా పెట్టాలని డాక్టరమ్మ చెప్పింది. తల మీదా మెడ మీదా తెల్లటి ముళ్లలాంటివి పొడుచుకొచ్చాయి. ఒక్కో ముల్లు ఒక తొడుగు. కొన్నాళ్లకు తొడుగు చివర పొడిపొడిగా రాలి, లోపల చుట్టచుట్టి ఉన్న ఈక విచ్చుకుంటుంది. నాన్న నా దగ్గరున్న భూతద్దం తీసుకుని రోజూ ఆ ముళ్లను చూసేవాడు.

అలా విచ్చుకున్న రంగును నేను మాటల్లో సరిగ్గా చెప్పలేను. నా దగ్గర ఎన్ని పసుపు దారపు రీళ్లున్నాయో అన్నీ దాని పక్కన పెట్టి చూశాను. ఒక్కటీ కలవలేదు. ఈసారి నాన్న నన్ను తప్పుపట్టలేదు. నల్ల మరకలు ఉన్నచోట మచ్చలేని పసుపు. ముఖం మీద నారింజ, అందులో మళ్లీ ఎరుపు జాడ.

"క్యారెట్ రంగే ఎక్కింది" అన్నాడు నాన్న తేల్చేస్తున్నట్టు. "మునగాకు రెక్కల్లోకి పోయింది. గుమ్మడి ఇదుగో, ఇక్కడ."

నాకూ అది నిజమే అనిపించింది. కానీ నాన్న అంతటితో ఊరుకోలేదు. రాలిన పసుపు ఈకల్ని పోగుచేసి, చిన్న గిన్నెలో నీళ్లు మరిగించి, సోడా వేసి, షాపులో పాత గుడ్డల రంగు దింపేటప్పుడు చేసినట్టే చేశాడు. ఎంతసేపు మరిగినా నీళ్లలోకి చుక్క రంగు దిగలేదు. ఈకలు వంకరపోయాయి గానీ పసుపు పసుపులాగే ఉంది. తర్వాత రెక్క అంచు నుంచి రాలిన నీలం ఈక తీసుకుని కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకున్నాడు. కాసేపు చూసి నన్ను పిలిచాడు.

"ఇటు రా. నీలం కనపడుతోందా?"

వెలుగు వెనకనుంచి వస్తుంటే ఈక మట్టిరంగులో ఉంది. కిందికి దించి ఎండ పైన పడేలా పెట్టగానే మళ్లీ నీలం. ఎత్తితే పోయింది, దించితే వచ్చింది. 

తర్వాత చూపించడానికి బాపట్ల వెళ్లినప్పుడు డాక్టరమ్మను అడిగాడు. ఆమె చిలుకను చూసి సంతోషపడి, నోట్లో పొర పోయిందని చెప్పి, తర్వాత ఆయన ప్రశ్నకు వచ్చింది.

"క్యారెట్ రంగు కాదు బాబాయిగారూ. కొన్ని పిట్టలకు తిండిలోంచే రంగు వస్తుంది, కొంగల్లా ఉంటాయే ఫ్లెమింగోలు, వాటికి. చిలుకలు అలా కాదు. పసుపైనా ఎరుపైనా వాటి ఒళ్లే తయారుచేసుకుంటుంది. మీరు పెట్టిన తిండి ఆ పని చేసుకునే ఓపిక ఇచ్చింది, అంతే."

"మరి నీలం అండి?"

"నీలం రంగే లేదు అందులో. ఈక అల్లికలో వెలుగు పడి అలా కనిపిస్తుంది."

నాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. జీవితమంతా కాగుల దగ్గర నిలబడినవాడు. ఎక్కడినుంచో తెచ్చిన పొడిని గుడ్డ మీదికి ఎక్కించడం, అది నిలబడుతుందో లేదో అని భయపడటం ఆయనకు తెలిసిన రంగు.

"అంటే కాగూ అదే, రంగూ అదే, గుడ్డా అదేనా అండి" అన్నాడు చివరికి.

డాక్టరమ్మ నవ్వి అవునండి అంది.

ఫుప్పూ ఎండాకాలం చివర్లో వచ్చింది. చేతికర్ర ఉంది గానీ బాగానే నడుస్తోంది. రేపల్లె వెళ్లిపోతూ చిలుకను తీసుకెళ్దామని తెనాలిలో దిగింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదెవరిది తమ్ముడూ? నాదేదీ?"

"నీదే ఆపా."

ఆవిడ నమ్మలేదు. దగ్గరికొచ్చి చువ్వల్లోంచి చెయ్యి పెట్టింది. చిలుక ఆ గాజుల్ని పట్టుకుని, మునుపటిలాగే నెమ్మదిగా కొరికింది. అప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. సంతోషంతో పాటు ముఖంలో ఇంకేదో కనిపించింది. నేను పెట్టిన పళ్లెం చూసింది. ముక్కలు, ఆకులు, మొలకలు, పక్కన లెక్కకి నాలుగు గింజలు.

"నేను దీన్ని మాడ్చానా అమ్మాయ్?" అంది.

"అదేం మాట ఫుప్పూ. మేమూ ముందు బజ్జీ పెట్టినవాళ్లమే. ఎవరో చెప్తేనే తెలిసింది."

"గింజలంటే ఇష్టపడేది. ఇష్టపడిందే పెట్టాను." పళ్లెం వైపే చూస్తూ అంది, "మనిషికైనా అంతేగా. ఇష్టమని పెడతాం."

నాన్న పంజరం దగ్గరికి వచ్చాడు. పళ్లెంలోంచి క్యారెట్ ముక్క తీసి తాను కొరికి, ఇంకోటి అక్క చేతికిచ్చాడు. "నువ్వు తిను ఆపా. దాని ముందు తినాలి. లేకపోతే తినదు." ఆవిడ నాన్న తినే తీరు చూసి, చిలుకను చూసినంత ఆశ్చర్యంగా చూసింది. తమ్ముడు పచ్చి కూరగాయ తినడం ఆవిడ ఎరగదు.

చిలుక రేపల్లె వెళ్లిపోయింది. అది ఆవిడది. వెళ్లేటప్పుడు నాన్న స్టేషన్‌కు రాలేదు, భుజం నొప్పి అన్నాడు. నేను ఫుప్పూని కూర్చోబెట్టి, పెల్లెట్ల డబ్బా, మునగాకు కట్ట ఆవిడ పక్కన సర్ది, రైలు కదిలేదాకా ఉన్నాను. ఇంటికొచ్చేసరికి నాన్న ఖాళీ కిటికీ దగ్గర నేలమీది తురుము ఊడుస్తున్నాడు.

ఇప్పుడు రోజూ ఉదయం టిఫిన్ వేళకు రేపల్లె నుంచి వీడియో కాల్ వస్తుంది. ఫుప్పూ వాళ్ల పెరట్లో మునగచెట్టుంది, ఆకు కోసం ఎవర్నీ అడగక్కర్లేదు. అక్కడ ఆవిడ పళ్లెం, ఇక్కడ నాన్న పళ్లెం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ చప్పిడి ముక్కలు నములుతారు. చిలుక ఫోను దగ్గరికొచ్చి, తెరలో నాన్నను తల పక్కకు వంచి చూసి, ఆయన ఏం నోట్లో పెట్టుకుంటే దాన్నే తన గిన్నెలో వెతుక్కుంటుంది. నాన్న షుగరు పెద్దగా తగ్గలేదు, కానీ పెరగడం ఆగిందని డాక్టరుగారు అన్నారు.

నిన్న బొప్పాయి. చిలుక ముక్కు నిండా గుజ్జుతో ఫోను మీదికి ఎక్కేసింది. తెరంతా పసుపు, మధ్యలో నల్లటి నాలుక. నాన్న నములుతున్నది ఆపి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఆపా, ఫోను అలాగే ఉంచు కాసేపు" అన్నాడు.